రెండు రకాల తూనికరాళ్లు

మా సంఘములో ఒక తల్లి ఉన్నది. ఆమె కుమారుడు, కోడలు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రములో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ గుమ్మము దగ్గర చెప్పులు వెదుక్కుంటున్న వేళ ఆమె నా దగ్గరకు వచ్చి ఇలా అడిగింది: "అయ్యగారూ, మావాడు ఫోనులో చెప్తున్నాడు. అక్కడ గుడికి పోయేవాళ్లే, బైబిలు చదివేవాళ్లే, మూడు పెళ్లిళ్లు చేసుకున్నాయనకు ఓట్లేసి నిలబెట్టారంట. మనకు మిషనరీలను పంపినవాళ్లు కదా వాళ్లు! ఎట్లా వేశారండీ?"

మిషనరీల సంగతి ముందుగా చెప్పి పక్కన పెడతాను. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో పని చేసినవారు అమెరికాలోని ఉత్తరాది బాప్టిస్టుల తరఫున వచ్చినవారు. బానిసలను కలిగియున్నవారిని మిషనరీలుగా పంపవచ్చునా కూడదా అన్న తగవు మీద దక్షిణాది బాప్టిస్టులు 1845లోనే వేరుపడ్డారు. నేడు అమెరికాలో ప్రొటెస్టెంటు శాఖలన్నిటిలో పెద్దది ఆ సదరన్ బాప్టిస్టు శాఖే. ఆ తల్లి అడిగిన ప్రశ్న ఎక్కువగా వారికి, వారివంటి ఇతర తెల్లజాతి ఇవాంజెలికల్ సంఘాలవారికి చెందినది. నల్లజాతి ప్రొటెస్టెంటు సంఘాలలో ఓట్లు చాలావరకు వేరే దారిలో పోతాయి.

ఇక ఎన్నికల సంగతి. మన దేశములో ఎవరిని నిలబెట్టాలో పార్టీ పెద్దలు నిర్ణయిస్తారు. బీ-ఫారము ఎవరి చేతికి వస్తే వారే అభ్యర్థి. అమెరికాలో అట్లా కాదు. అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఒక్కొక్క రాష్ట్రములో ఆ పార్టీ ఓటర్లే ఓటు వేసి తేలుస్తారు. దీనినే ప్రైమరీ అంటారు. రిపబ్లికన్ పార్టీలో చాలాకాలముగా మొదటి వరుస అయోవాది. అక్కడ చలికాలపు సాయంత్రము బడి గదులలోను గుడి హాళ్లలోను కూడుకొని, మాట్లాడుకొని ఓటు వేస్తారు. తర్వాత న్యూ హాంప్‌షైర్, ఆ తర్వాత కొద్ది రోజులకు సౌత్ కరోలినా. 2012లో సౌత్ కరోలినాలో రిపబ్లికన్ ప్రైమరీకి వచ్చిన ఓటర్లలో సుమారు ముగ్గురిలో ఇద్దరు తాము తిరిగి జన్మించిన క్రైస్తవులమని చెప్పుకున్నవారే. అందుకే పోటీ చేసేవారు ముందుగా పాస్టర్ల ఇండ్ల తలుపులు తడతారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చివరి ఎన్నికలో అయితే, "మా మనిషి మంచివాడు కాకపోవచ్చు గాని అవతలి పార్టీ విధానాలు ఇంకా చెడ్డవి" అని చెప్పుకోవచ్చు. ప్రైమరీలో ఆ మాటకు చోటు లేదు. అందరూ ఒకే పార్టీవారు. గర్భస్రావము గురించి, వివాహము గురించి, న్యాయమూర్తుల గురించి ఇంచుమించు అందరూ ఒకే మాట చెప్తారు. ఇక మిగిలేది మనిషి. అతని నోరు, అతని ఇల్లు, అతని నడత. విశ్వాసి మనస్సాక్షికి అసలు పరీక్ష అక్కడ.

ఈ పరీక్ష కొత్తది కాదు. 1976లో అధ్యక్షుడుగా ఎన్నికైన జిమ్మీ కార్టర్ ఆదివారపు బడిలో పాఠము చెప్పే బాప్టిస్టు. 1980లో ఇవాంజెలికల్ విశ్వాసులలో అనేకులు ఆయనను విడిచి, విడాకులై మరల పెండ్లి చేసుకున్న రొనాల్డ్ రీగన్ వైపు తిరిగారు. విడాకులు పొందినవాడు అధ్యక్షుడు కావడము అదే మొదటిసారి. 1988లో టెలివిజన్ ప్రసంగీకుడు పాట్ రాబర్ట్‌సన్ తానే నిలబడి అయోవాలో రెండవ స్థానము పొందాడు. 2008లో బాప్టిస్టు పాస్టరుగా పని చేసిన మైక్ హకబీ అయోవాలో గెలిచాడు. ఇద్దరిలో ఎవరికీ చివరికి టికెట్టు దక్కలేదు.

ఇప్పుడు 1998కి వస్తాను. అప్పుడు అధ్యక్షుడు బిల్ క్లింటన్. ఆయన సదరన్ బాప్టిస్టు సభ్యుడే. తన కార్యాలయములో పని చేసిన యువతితో ఆయనకున్న సంబంధము ఆ సంవత్సరమంతా దేశాన్ని కుదిపివేసింది. ఆ జూన్ నెలలో సాల్ట్ లేక్ సిటీలో కూడిన సదరన్ బాప్టిస్టుల మహాసభ, ప్రభుత్వ పదవులలో ఉన్నవారి నడతను గూర్చి ఒక తీర్మానము చేసింది. దాని సారాంశము ఇది: నాయకుల ఘోరమైన తప్పులను జనులు సహించి ఊరుకుంటే జాతి మనస్సాక్షి మొద్దుబారుతుంది, అది దేవుని తీర్పును కొనితెస్తుంది, కాబట్టి యథార్థత, పవిత్రత కనబరచేవారినే ఎన్నుకోవాలి. దేశము డబ్బుతో కళకళలాడుతున్నదని నాయకుని తప్పును దాటవేయకూడదని కూడా అందులో ఉన్నది. మంచి తీర్మానము. నేను సంతోషముగా దాని కింద సంతకము చేస్తాను.

అదే కాలములో క్లింటన్‌ను గట్టిగా నిలదీసిన రిపబ్లికన్ పక్షానికి ప్రతినిధుల సభలో నాయకుడు స్పీకరు న్యూట్ గింగ్రిచ్. ఆ రోజులలో తనకూ వివాహేతర సంబంధము ఉన్నదని ఆయన 2007లో ఒక క్రైస్తవ రేడియో కార్యక్రమములో ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయన మూడవ వివాహములో ఉన్నాడు. ఆయనే 2012లో అధ్యక్ష పదవికి ప్రైమరీలో నిలబడ్డాడు.

ఆ సంవత్సరము బరిలో ఎవరెవరు ఉన్నారో చూడండి. మిట్ రామ్నీ 1969 నుండి ఒకే భార్యతో కాపురము చేస్తున్నవాడు, ఐదుగురు కుమారుల తండ్రి; అయితే మోర్మను మతస్థుడు. రిక్ శాంటోరమ్ ఏడుగురు పిల్లల తండ్రి, రోమను కాథలికు. జనవరి 14న టెక్సాసులో సుమారు 150 మంది ఇవాంజెలికల్ పెద్దలు సమావేశమై, వాదించుకొని, మూడవ విడత ఓటింగు తర్వాత శాంటోరమ్‌ను బలపరచాలని తేల్చారు. పెద్దలు తేల్చారు గాని జనము తేల్చలేదు. జనవరి 19న నార్త్ చార్లెస్టన్‌లో అభ్యర్థుల చర్చ జరిగింది. దాంపత్యములో ఉంటూనే వేరొక స్త్రీతో సంబంధానికి తనను ఒప్పుకోమని గింగ్రిచ్ అడిగాడని ఆయన రెండవ భార్య టెలివిజన్‌కు చెప్పింది. చర్చ నడిపిస్తున్న జాన్ కింగ్ మొట్టమొదటి ప్రశ్నగా ఆ సంగతే అడిగాడు. గింగ్రిచ్ అది అబద్ధమన్నాడు. అని ఊరుకోక, ఇటువంటి ప్రశ్నతో చర్చ మొదలుపెట్టినందుకు పత్రికలవారి మీద విరుచుకుపడ్డాడు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రెండు రోజుల తర్వాత సౌత్ కరోలినాలో నూటికి 40 ఓట్లతో ఆయనే గెలిచాడు. ఇవాంజెలికల్ ఓటర్లలోను అందరికంటె ఎక్కువ ఓట్లు ఆయనవే.

ఆ చప్పట్లను గూర్చి నేను చాలా ఆలోచించాను. వ్యభిచారము మంచిదని అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తమను ఏండ్ల తరబడి చిన్నచూపు చూస్తున్నారని వారు అనుకొంటున్న పత్రికలవారిని ఒకడు నిలదీసినందుకు కొట్టారు. "మా తరఫున దెబ్బలాడేవాడు దొరికాడు" అన్న సంతోషము అది. ఈ మాట వెనుక బాధ ఉన్నది. దానిని నేను ఎగతాళి చేయను. పల్లెలో చిన్న సంఘముగా బ్రతికే మనకు ఆ బాధ తెలియనిది కాదు.

2016 నాటికి ఈ సంతోషము ఇంకా పెరిగింది. డొనాల్డ్ ట్రంప్ కూడా మూడు పెండ్లిళ్లు చేసుకున్నవాడు. జూదశాలలు నడిపినవాడు. ఆ తల్లి అడిగినది ఈయన గురించే. 2016 జనవరి 18న వర్జీనియాలోని లిబర్టీ యూనివర్సిటీ అనే పెద్ద క్రైస్తవ విద్యాలయములో మాట్లాడుతూ, కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికను ఇంగ్లీషులో "సెకండ్ కొరింథియన్స్" అనవలసినచోట "టూ కొరింథియన్స్" అన్నాడు. విద్యార్థులు నవ్వారు. (ఇంగ్లండులో అట్లా చదవడము ఉన్నదే. మన సంఘ పెద్దలు కూడా వాక్యము చదివేటప్పుడు తడబడతారు. అది పాపము కాదు.) వారము తిరిగేసరికి ఆ విద్యాలయపు అధ్యక్షుడు జెర్రీ ఫాల్‌వెల్ జూనియర్ ఆయనను బలపరిచాడు. విద్యాలయపు ధర్మకర్తలలో ఒకరు బహిరంగముగా అభ్యంతరము చెప్పి, తర్వాత మండలి నుండి తప్పుకున్నారు. ఫాల్‌వెల్ కూడా 2020లో సొంత జీవితపు వివాదములో చిక్కుకొని ఆ పదవిని వదలవలసి వచ్చింది.

ఎదురు చెప్పినవారు లేకపోలేదు. టెక్సాసులో పాస్టరు, అనేక భక్తి పుస్తకాల రచయిత మాక్స్ లుకాడో అభ్యర్థుల గురించి ఎన్నడూ నోరు విప్పనివాడు, ఆ ఫిబ్రవరిలో విప్పాడు. తన కుమార్తెలను వెంట తీసుకుపోవడానికి వచ్చే కుర్రవాళ్ల మర్యాదను తండ్రిగా తాను విచారించేవాడిననీ, దేశాన్ని ఏలబోయేవాని విషయములో ఆ విచారణ వద్దా అనీ ఆయన భావము. మనకు ఇది సులభముగా అర్థమవుతుంది. సంబంధము వస్తే పిల్లవాని చదువు, జీతముతో ఆగుతామా? తాగుతాడేమో అని ఆ ఊరి పాస్టరును అడగకుండా తాంబూలాలు పుచ్చుకుంటామా? సదరన్ బాప్టిస్టుల నైతిక వ్యవహారాల విభాగానికి అప్పటి అధ్యక్షుడు రసెల్ మూర్ కూడా గట్టిగా వ్యతిరేకించాడు. దానికి ప్రతిఫలముగా కొన్ని సంఘాలు చందాలు నిలిపివేస్తామని ఆయనను బెదిరించాయి.

సౌత్ కరోలినాలో ఓటు ఫిబ్రవరి 20న. సరిగ్గా వారము ముందు సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా మరణించాడు. ఆ ఖాళీని ఎవరు నింపుతారన్నదే అందరి నోట. "మనము పాస్టరును ఎన్నుకోవడము లేదు, అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటున్నాము" అన్నారు. అయితే నేను ముందు చెప్పిన మాట మరువవద్దు. అటువంటి న్యాయమూర్తులనే నియమిస్తామని చెప్పినవారు, పాస్టరు కుమారుడైన టెడ్ క్రూజ్‌తో సహా, అదే జాబితాలో ఉన్నారు. అయినా ట్రంప్ గెలిచాడు. ఆ తల్లికి ఊరటగా ఒక మాట చెప్పవచ్చు: ఆ ప్రైమరీల కాలములో ప్రతి వారము గుడికి వెళ్లేవారిలో ట్రంప్ పట్ల మొగ్గు తక్కువ, పేరుకు ఇవాంజెలికల్ అని చెప్పుకొని గుడి ముఖము చూడనివారిలో ఎక్కువ. 2024 నాటికి ఆ తేడా కూడా చాలావరకు పోయినట్టే కనబడింది. ఆ జనవరి 15న అయోవాలో ఆయన సగానికి పైగా ఓట్లు పొందాడు.

ఒక లెక్క మాత్రము నన్ను వెంటాడుతున్నది. సొంత జీవితములో నీతి తప్పినవాడు పదవిలో నీతిగా ఉండగలడా అని పబ్లిక్ రిలిజియన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 2011లో అడిగితే, తెల్లజాతి ఇవాంజెలికల్ విశ్వాసులలో నూటికి 30 మంది ఉండగలడన్నారు. 2016 అక్టోబరులో అదే ప్రశ్నకు 72 మంది ఉండగలడన్నారు. ఐదేండ్లలో వాక్యము మారలేదు. మారినది తక్కెడలో కూర్చున్న మనిషి.

ఇందుకు లేఖనాలలో నుండి కూడా కారణాలు తెచ్చారు. దేవుడు కోరెషు రాజును వాడుకోలేదా, దావీదు పాపము చేయలేదా అన్నారు. నిజమే. అయితే బబులోనులో ఉన్న యూదులను కోరెషు ఓటు అడగలేదు. ఆయనను భక్తుడని చూపించే బాధ్యత వారి మీద పడలేదు. దావీదు పేరు ఎత్తినవారు నాతాను పని కూడా ఎత్తుకోవాలి. రాజు ఎదుట నిలబడి వేలు చూపినది ఆ రాజు సొంత పక్షపు ప్రవక్తే.

న్యాయముగా ఇంకొక సంగతి చెప్పాలి. వారు కోరినది వారికి దొరికింది. 1973లో గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన తీర్పును సుప్రీంకోర్టు 2022 జూన్ 24న కొట్టివేసింది. ఆ కోర్టులో ట్రంప్ నియమించినవారు ముగ్గురు. కాబట్టి "మా ఓటు వృథా కాలేదు" అని వారు అంటే అబద్ధము కాదు. లోపమున్న మనిషికి ఓటు వేశారని నేను వారిని తప్పు పట్టను. లోపము లేనివాడు ఏ ఎన్నికలోను నిలబడడు. 1998లో పట్టుకున్న రాయిని 2016లో జేబులో దాచుకోవడమే నాకు మింగుడుపడదు. సామెతల గ్రంథము 20వ అధ్యాయములో రెండు రకాల తూనికరాళ్ల గురించి ఏమున్నదో మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు.

ఇదంతా ఆ తల్లికి రెండు మూడు సాయంత్రాలు చెప్పాను. చెప్తూ చెప్తూ ఉండగా నా నోరు నాకే బరువైపోయింది. కారణము చెప్తాను.

కొన్ని సంవత్సరాల క్రితము మా ఊరి సర్పంచి ఎన్నికలో మా సంఘస్థుడే ఒకడు నిలబడ్డాడు. మన సమాధుల తోటకు దారి లేదు. వానాకాలములో పెట్టెను మోకాటి లోతు బురదలో మోసుకు పోవాలి. దారి వేయిస్తానన్నాడు. ఎన్నిక ముందు వారము అతని ఇంటి నుండి పేట పేటకూ మందు సీసాలు వెళ్లాయి. ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. ప్రతి సంవత్సరము తాగుడు మీద ఒక ఆదివారము వాక్యము చెప్పడము నా అలవాటు. ఆ సంవత్సరము చెప్పలేదు. మనవాడు గదా, దారి వస్తుంది గదా అనుకున్నాను. అతను గెలిచాడు. దారీ వేయించాడు. ఇప్పటికీ బాగున్నది.

ఎన్నికైన కొన్నాళ్లకు, తాగుడు వలన భర్తను పోగొట్టుకున్న ఒక సహోదరి నన్ను అడిగింది: "అయ్యగారూ, ఈ యేడు మందు మీద వాక్యము రాలేదేం?"

"మరచిపోయాను అమ్మా" అన్నాను.

టెక్సాసు తల్లితో ఈ మాటలు జరిగిన తర్వాత ఒక సాయంత్రము ఆ సహోదరి ఇంటికి వెళ్లాను. మరచిపోలేదని చెప్పాను. ఆమె పొయ్యి మీద టీ పెట్టి, గ్లాసు నా చేతికిచ్చి, "నాకు తెలుసులెండి అయ్యగారూ" అన్నది.