ఫాఖా వంతెన

ఫాఖా వంతెన జర్మనీలో వెర్రా నదిపై ఉన్న ఒక చారిత్రక రాతి వంతెన. ఇది తురింజియా రాష్ట్రంలోని ఫాఖా పట్టణాన్ని, హెస్సే రాష్ట్రంలోని ఫిలిప్స్‌టాల్‌ను కలుపుతున్నది. దీనిని "ఐక్యతా వంతెన" అని కూడా పిలుస్తారు. బెర్లిన్ నగర శివారులోని గ్లీనికే వంతెనకు తూర్పు జర్మనీ ప్రభుత్వం 1949లో ఇదే పేరు పెట్టింది. రెండూ వేర్వేరు వంతెనలు.

చరిత్ర

ఫ్రాంక్‌ఫర్ట్, లైప్‌జిగ్ నగరాల మధ్యనున్న ప్రాచీన వర్తక మార్గం ఇక్కడే వెర్రా నదిని దాటేది. 1342లో మధ్య ఐరోపాను ముంచెత్తిన వరదలో పాత వంతెన కొట్టుకుపోగా, దాని స్థానంలో కమానులతో రాతి వంతెనను నిర్మించారు. 1813లో లైప్‌జిగ్ యుద్ధంలో ఓడిన నెపోలియన్ సేనలు ఈ మార్గంలోనే వెనుదిరిగాయి. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి రోజులలో, 1945 ఏప్రిల్‌లో, తిరోగమిస్తున్న జర్మన్ సైన్యం వంతెనలో కొంత భాగాన్ని పేల్చివేసింది.

సరిహద్దు

1945 జూలైలో తురింజియా సోవియట్ ఆక్రమణ మండలంలో చేరింది. హెస్సే అమెరికా మండలంలో ఉన్నది. దీనితో రెండు రాష్ట్రాల మధ్యనున్న పాత పాలనా సరిహద్దే, 1949 తరువాత రెండు జర్మనీల సరిహద్దు అయింది. ఆ గీత నది మధ్యగా కాక, వంతెన పశ్చిమపు కొసన సాగింది. అందువలన వంతెన తూర్పు జర్మనీలోనే ఉండిపోయింది. 1952 మేలో తూర్పు జర్మనీ సరిహద్దు వెంబడి 5 కిలోమీటర్ల నిషేధిత మండలాన్ని, అందులో 500 మీటర్ల రక్షణ పట్టీని ఏర్పరచింది. ఫలితంగా ఫాఖా వాసులకు తమ ఊరి వంతెనపై అడుగుపెట్టే వీలు కూడా లేకుండా పోయింది.

సరిహద్దు గీత వంతెన కొసనున్న ఒక ముద్రణాలయ భవనం గుండా కూడా పోయింది. 1951 డిసెంబరు 31 రాత్రి దాని యజమానులు ఇంటిలోపల గోడ కట్టి, తూర్పు భాగానికి పోయే దారిని మూసివేసి, హెస్సే వైపు కొత్త ద్వారం ఏర్పరచుకున్నారు. రెండు జర్మనీల సరిహద్దు సంఘం చేసిన సవరణ వలన 1976లో ఆ భవనమంతా పశ్చిమ జర్మనీకి చెందింది.

పునఃప్రారంభం

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకున్న కొద్ది రోజులకే ఈ వంతెన మీదుగా కూడా రాకపోకలు మొదలయ్యాయి. 1990 అక్టోబరు 3న జర్మనీ ఏకీకరణతో ఇక్కడి సరిహద్దు మళ్ళీ రెండు రాష్ట్రాల మధ్య హద్దు మాత్రమే అయింది. ఆనాటి కావలి బురుజు ఒకటి వంతెన సమీపంలో స్మారకంగా నిలిచి ఉన్నది.