ఆన్‌లైన్ సర్వేలో సమాధానమివ్వని వారు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల్లో పాటించవలసిన మెలకువలు

విస్తరణ సేవలపై రైతుల అభిప్రాయాలను, క్షేత్ర సిబ్బంది ఇబ్బందులను తెలుసుకోవడానికి గూగుల్ ఫారం వంటి ఆన్‌లైన్ ప్రశ్నావళుల వాడకం పెరిగింది. వీటికి ఖర్చు తక్కువ. సమాధానాలు త్వరగా చేరతాయి. అయితే ఎన్ని సమాధానాలు వచ్చాయన్న దానికంటే ఎవరి నుంచి రాలేదన్నదే సర్వే విలువను నిర్ణయిస్తుంది.

సంఖ్య ఒక్కటే చాలదు

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగివచ్చాయి. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించగా, రూజ్‌వెల్ట్ భారీ ఆధిక్యంతో గెలిచాడు. చిరునామాలను ఎక్కువగా టెలిఫోన్, కార్ల యజమానుల జాబితాల నుంచి తీసుకోవడం, అధిక భాగం ఓటర్లు బ్యాలెట్లు తిప్పి పంపకపోవడం ఈ పొరపాటుకు కారణాలు.

జాబితాలోని లోపాలు

ఈ ప్రాంతంలో కౌలు సేద్యం విస్తారంగా ఉంది. భూమి రికార్డుల్లోని ఫోన్ నంబరుకు లింకు పంపితే అది యజమానికి చేరుతుంది. ఎరువు వేసి, తెగులును ఎదుర్కొన్న కౌలు రైతుకు చేరకపోవచ్చు. 2002లో రామ్‌సర్ స్థలంగా గుర్తింపు పొందిన కొల్లేరు నీటి నాణ్యతపై చేపల రైతుల వాట్సాప్ గ్రూపులో మాత్రమే అడిగితే, సరస్సులో వల వేసి జీవించే మత్స్యకారుల మాట వినిపించదు. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడక ముందు కైకలూరు, మండవల్లి మండలాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. పాత జిల్లా జాబితాలను వాడేటప్పుడు దీన్ని సరిచూసుకోవాలి.

నివారణ

ముందుగా యజమానులు, కౌలు రైతులు, మత్స్యకారులు అని వర్గాలుగా విభజించి, ప్రతి వర్గం నుంచి యాదృచ్ఛికంగా ఎంపిక చేయాలి. యాదృచ్ఛికంగా ఎంపికైన 400 మంది సమాధానాలతో, 95 శాతం విశ్వాసస్థాయిలో, సుమారు 5 శాతం అటూఇటూగా అంచనా వేయవచ్చు. తమంతట తాము స్పందించిన 4,000 మందితోనైనా ఆ భరోసా లభించదు. ఒకటి రెండు సార్లు గుర్తుచేసిన తరువాత కూడా స్పందించని వారిలో కొందరిని యాదృచ్ఛికంగా ఎంచుకొని ఫోనులో గాని, స్వయంగా గాని అడగాలి. వారి సమాధానాలు భిన్నంగా ఉంటే ఆ విషయాన్ని నివేదికలో తెలపాలి.

ప్రశ్నల రూపకల్పన

"విత్తనం నాణ్యత, సరఫరా బాగున్నాయా?" అన్నది నిజానికి రెండు ప్రశ్నలు, వేరుచేసి అడగాలి. "ఎన్ని బస్తాలు?" అన్నప్పుడు బరువు చెప్పాలి. ధాన్యం బస్తా 75 కిలోలైతే యూరియా బస్తా 45 కిలోలు. ప్రశ్నావళిని ముందుగా పది మందితో పరీక్షించడం మంచిది.

సిబ్బంది సర్వే

పేరు అడగకపోయినా, గ్రామం, హోదా అడిగితే గ్రామ ఉద్యాన సహాయకుడు ఎవరో తెలిసిపోతుంది; ఆ గ్రామంలో ఆ హోదాలో ఉండేది సాధారణంగా ఒక్కరే. అప్పుడు పై అధికారి గురించి నిజం రాయడానికి ఎవరూ సాహసించరు. అందువల్ల జిల్లా వరకే అడగాలి, ఈమెయిల్ సేకరణను నిలిపివేయాలి, ఐదుగురి కంటే తక్కువ మంది ఉన్న వర్గం ఫలితాలను విడిగా చూపరాదు.

చివరగా, ఫలితాలను, వాటి ఆధారంగా తీసుకున్న చర్యలను సమాధానమిచ్చిన వారికి తెలియజేయాలి. చెప్పిన మాటకు విలువ దక్కిందని తెలిసినవారే తదుపరి సర్వేకు మనస్ఫూర్తిగా స్పందిస్తారు.