హడ్సన్ నదిపై దిగిన విమానం: 'సల్లీ' చిత్రంలో నిజమెంత?

2009 జనవరి 15వ తేదీ మధ్యాహ్నం న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయం నుండి షార్లెట్ నగరానికి బయలుదేరిన యు.ఎస్. ఎయిర్‌వేస్ విమానాన్ని కొద్ది నిమిషాలలోనే కెనడా బాతుల గుంపు ఢీకొన్నది. అప్పటికి విమానం సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉన్నది. పక్షులు లోనికి చొచ్చుకుపోవడంతో రెండు ఇంజన్లూ దాదాపు పూర్తిగా శక్తిని కోల్పోయాయి. కెప్టెన్ చెస్లీ సలెన్‌బర్గర్, సహ పైలట్ జెఫ్ స్కైల్స్ విమానాన్ని హడ్సన్ నది నీటిపై దింపారు. పక్షులు తగిలింది మొదలు నీటిని తాకే వరకు గడచిన కాలం 208 సెకన్లు. సమీపంలోని పడవలు వెంటనే వచ్చి ఆదుకోగా, 150 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఈ ఉదంతం ఆధారంగా క్లింట్ ఈస్ట్‌వుడ్ దర్శకత్వంలో 2016లో 'సల్లీ' చిత్రం వెలువడింది. సల్లీ అన్నది సలెన్‌బర్గర్ ముద్దుపేరు. ఆ పాత్రను టామ్ హాంక్స్ పోషించారు. అందరూ బ్రతికిన సంగతి ప్రేక్షకులకు ముందే తెలుసు. అందువలన దర్శకుడు ఉత్కంఠను విచారణ గదిలో నిలిపారు. విమానాశ్రయానికి తిరిగి వెళ్ళే అవకాశం ఉండగా పైలట్ నదిని ఎంచుకున్నాడా అన్నదే అక్కడి ప్రశ్న.

సిమ్యులేటర్ అనే శిక్షణ యంత్రంలో అదే పరిస్థితిని కల్పించి చూశారు. పక్షులు తగిలిన తక్షణమే వెనుకకు మళ్ళినప్పుడు కొన్ని పర్యాయాలు లాగార్డియా చేరడం సాధ్యమైంది. అయితే ఆ పరీక్షలో కూర్చున్నవారికి ఏమి జరగనున్నదో ముందే తెలుసు. నిజమైన పైలట్ మొదట జరిగినదేమిటో గ్రహించాలి. ఇంజన్లు మళ్ళీ పనిచేస్తాయేమో చూడాలి. ఆ తరువాతే దారి వెదకాలి. అందుకుగాను 35 సెకన్లు కలిపి పరీక్షించగా విమానం రన్‌వేను చేరలేకపోయింది. దారిలో క్రింద ఉన్నది జనసమ్మర్దమైన నగరం.

చిత్రంలో సల్లీ వాదించిన మీదటే ఆ 35 సెకన్లను కలుపుతారు. అధికారులు తప్పు పట్టడానికే కూర్చున్నట్లు కనిపిస్తారు. వాస్తవానికి ఆ జాప్యాన్ని లెక్కలోనికి తీసుకున్నది జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తుదారులే. నదిపై దిగాలన్న నిర్ణయమే ప్రాణరక్షణకు అత్యంత అనుకూలమైనదని మండలి 2010లో తేల్చింది. తమను ప్రతినాయకులుగా చూపడం అన్యాయమని ఆనాటి దర్యాప్తుదారులు కొందరు చిత్రం విడుదలైనప్పుడు అభ్యంతరం తెలిపారు.

ఆ దర్యాప్తు మరొక లోపాన్ని కూడా గుర్తించింది. రెండు ఇంజన్లూ ఆగినప్పుడు పైలట్లు అనుసరించవలసిన సూచనల పట్టిక చాలా ఎత్తున ఎగిరే విమానాన్ని దృష్టిలో ఉంచుకుని వ్రాసినది. ఇంత తక్కువ ఎత్తులో దానిని పూర్తిచేసే వ్యవధి లేకపోయింది. తక్కువ ఎత్తుకు తగిన పట్టికలు రూపొందించాలని మండలి సిఫారసు చేసింది. చిత్రం చూసేవారు కెప్టెన్ నిబ్బరాన్ని మెచ్చుకుంటూనే, ఇకముందు ప్రయాణించేవారి క్షేమం కోసం సాగిన ఈ పనిని కూడా తెలుసుకోవడం ఉచితం.