‘బలగం’ పాటలు – మా అనుభవము

2023లో విడుదలైన ‘బలగం’ చిత్ర గీతాలను మేము రెండు విధాల విన్నాము. సిద్దిపేట బస్సులో విడిగా విన్నప్పుడు, కాసర్ల శ్యామ్ రచించగా రామ్ మిరియాల, మంగ్లీ పాడిన ‘ఊరు పల్లెటూరు’ కేవలం ఉల్లాస గీతమనిపించినది. చిత్రంలోని క్రమాన విన్నపుడే, చివరన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన బుడగజంగాల పాటకు అది పునాది అని బోధపడినది. కలిసి బ్రతికిన ఊరి ముచ్చట ముందుగా వినిపించనిదే, విడిపోయిన తోబుట్టువుల దుఃఖం మనసును తాకదు.

మొహర్రంలో మర్సియాలు విన్న మాకు ఈ రీతి కొత్త కాదు. పోయినవారిని తలచి, ఉన్నవారిని ఒకచోట చేర్చుటయే రెండింటి ధర్మము.

‘ఊరు పల్లెటూరు’ రచనకు జాతీయ పురస్కారం 2025లో ప్రకటింపబడినది. మొగిలయ్యగారు 2024 డిసెంబరులోనే కన్నుమూశారు. విద్యార్థులారా! మీ గ్రామాలలో అట్టి గాయకులుంటే, వారుండగానే చెంత కూర్చుండి, పాటను చివరి వరకు వినండి.