రికవరీ పార్టిషన్: ఏది ఉంచాలి, ఏది తీసేయవచ్చు?

ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి విండోస్‌ను మళ్లీ ఎక్కించేటప్పుడు డిస్కులోని పార్టిషన్లు, అంటే ఒకే డిస్కును విడగొట్టిన భాగాలు, తెరమీద వరుసగా కనబడతాయి. వాటిలో ‘రికవరీ’ అని ఉన్నదాన్ని తుడిచివేయవచ్చునా అన్న సందేహం చాలామందికి అక్కడే కలుగుతుంది. ఆ పేరుతో రెండు వేర్వేరు భాగాలు ఉండవచ్చునని తెలిస్తే సగం చిక్కు వీడినట్లే.

మొదటిది తయారీదారు అమర్చేది. సాధారణంగా 10 జీబీకి పైబడి ఉండే ఈ భాగంలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటి విండోస్, వైఫై, ధ్వని వంటి పరికరాలను విండోస్ నడిపేందుకు కావలసిన డ్రైవర్లు, ఎవరూ కోరని ట్రయల్ ప్రోగ్రాములు సైతం యథాతథంగా ఉంటాయి. రెండవది విండోస్ తనకోసం ఏర్పరచుకునేది. 1 జీబీకి అటూఇటూ ఉండే ఈ చిన్న భాగంలో, విండోస్ తెరుచుకోనప్పుడు అక్కరకొచ్చే మరమ్మతు సాధనాలు ఉంటాయి.

విండోస్ 7 రోజుల్లో మొదటి భాగాన్ని పోగొట్టుకోవడం నిజంగా నష్టమే, ఎందుకంటే చాలా ల్యాప్‌టాప్‌లతో సీడీ వచ్చేది కాదు, లైసెన్సు సంఖ్య ఉన్న అడుగు స్టిక్కరేమో వాడుకలో అరిగిపోయేది. 2012లో విండోస్ 8 వచ్చాక ఆ సంఖ్యను తయారీదారులు మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లోనే, అంటే డిస్కుతో నిమిత్తం లేని శాశ్వత ప్రోగ్రాములోనే నిక్షిప్తం చేయడం మొదలుపెట్టారు కాబట్టి, డిస్కు మొత్తం తుడిచినా అదే ఎడిషన్‌ను ఎక్కిస్తే లైసెన్సు తిరిగి పనిచేస్తుంది. విండోస్‌ను మైక్రోసాఫ్ట్ నుంచి ఉచితంగా 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దింపుకోవచ్చు. పైగా, డిస్కే చెడిపోతే దానిలోని రికవరీ పార్టిషన్ కూడా దానితోపాటే పోతుంది గనుక, ఆపద్ధనంగా దానికున్న విలువ అనుకున్నంత ఎక్కువ కాదు.

అయినా తొందర తగదు. తయారీదారు ఇచ్చిన సాధనంతో ముందుగా రికవరీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, డ్రైవర్లను వెబ్‌సైటు నుంచి దింపుకుని, ఆ తర్వాతే పెద్ద భాగాన్ని తీసివేయడం క్షేమం. ముఖ్యంగా 11వ తరం నుంచి వచ్చిన కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజి డ్రైవర్‌ను విడిగా అందించేదాకా ఇన్‌స్టలేషన్‌లో డిస్కే కనబడదు.

చిన్న భాగాన్ని మాత్రం ముట్టుకోకపోవడమే మేలు. 2024 జనవరిలో విండోస్ 10 భద్రతా అప్‌డేట్ ఒకటి, ఈ భాగంలో 250 ఎంబీ ఖాళీ లేని కంప్యూటర్లలో విఫలమైంది. అప్‌డేట్లు సైతం దీని జోలికి వస్తాయనడానికి అదే నిదర్శనం. అన్ని పార్టిషన్లనూ తొలగించి ఖాళీ డిస్కు మీద ఇన్‌స్టాల్ చేస్తే దీన్ని విండోసే మళ్లీ సృష్టించుకుంటుంది.

తీసివేతతో మిగిలే చోటు 256 జీబీ డిస్కులో లెక్కకు వచ్చేదే, 1 టీబీ డిస్కులో అంతగా కాదు. అదీ సి డ్రైవ్‌కు కుడిపక్కన ఆనుకుని ఉంటేనే విండోస్‌లోని సాధనంతో దానిలో కలుస్తుంది, మధ్యలో మరో పార్టిషన్ అడ్డుంటే విడిగానే మిగిలిపోతుంది.