గడులలోని బాణాలు: ఒక పొరపాటు నేర్పిన పాఠం

ఇనుమును అయస్కాంతంగా మార్చవచ్చునని పిల్లలకు సైతం తెలుసు. కాని అదే ఇనుమును 770 డిగ్రీల సెల్సియస్ దాటించి వేడిచేస్తే ఆ గుణం నశిస్తుంది. ఇనుము కరగదు, ఆకారం మారదు. మరి మారినదేమిటి?

1920లో జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ లెంజ్ దీనికొక సరళమైన నమూనాను ప్రతిపాదించి, దానిని తన శిష్యుడు ఎర్నెస్ట్ ఈజింగ్‌కు అప్పగించారు. చదరంగపు బల్లను ఊహించండి. ప్రతి గడిలోనూ ఒక బాణం. అది పైకో, క్రిందికో చూస్తుంది. ఇరుగుపొరుగు బాణాలు ఒకే దిశలో ఉంటే శక్తి తక్కువ, వ్యతిరేక దిశలలో ఉంటే ఎక్కువ. ఇరుగుపొరుగు ప్రభావం బాణాలను ఏకం చేయజూస్తుంది. వేడి వాటిని చెదరగొడుతుంది.

ఒకే వరుసలోని బాణాలు ఎంత స్వల్పమైన వేడిలోనైనా ఏకదిశకు రావని ఈజింగ్ నిరూపించారు. అది సత్యమే. కాని త్రిమితీయ అమరికలోనూ ఇంతేనని ఆయన భావించారు. అక్కడే పొరపాటు జరిగింది. సమతలంలోనే ఏకీభావం సాధ్యమని 1936లో రుడాల్ఫ్ పయర్ల్స్ వాదించారు. 1944లో లార్స్ ఆన్సాగర్ దానికి ఖచ్చితమైన గణిత పరిష్కారం చూపారు. త్రిమితీయ నమూనాకు అటువంటి పరిష్కారం నేటికీ లేదు.

అన్ని అమరికలనూ లెక్కించరాదా? కేవలం 100 గడులకే సాధ్యమయ్యే అమరికల సంఖ్య 31 అంకెలు గలది! అందుకే కంప్యూటర్‌పై అనుకరణ అవసరమయింది. నికొలాస్ మెట్రొపొలిస్, రోజెన్‌బ్లూత్ దంపతులు, టెల్లర్ దంపతులు 1953లో ప్రకటించిన పద్ధతి ఇందుకు ఆధారం. యాదృచ్ఛికంగా ఒక గడిని ఎన్నుకోవాలి. బాణాన్ని త్రిప్పితే శక్తి తగ్గుతుందా? త్రిప్పివేయాలి. పెరుగుతుందా? ఉష్ణోగ్రతను బట్టి అప్పుడప్పుడు మాత్రమే అనుమతించాలి. ఉదాహరణకు, నలుగురు పొరుగువారితోనూ ఏకీభవించిన బాణం, నమూనా కొలమానంలో ఉష్ణోగ్రత 2 వద్ద నూటికి సుమారు 2 సార్లే తిరుగుతుంది. 4 వద్ద సుమారు 14 సార్లు. ఈ రెంటి నడుమ, 2.269 వద్ద, సమతలపు అయస్కాంతత్వం అంతరిస్తుంది.

అయితే అనుకరణకూ నిగ్రహం కావాలి. ఆరంభ దశలోని ఫలితాలను విడిచిపెట్టాలి. అవి మనం పేర్చిన తొలి అమరిక ప్రభావమే. సంధి ఉష్ణోగ్రత సమీపంలో మార్పు మిక్కిలి మందగిస్తుంది. అందుకే 1987లో స్వెండ్సెన్, వాంగ్ గుంపులను ఒకేసారి త్రిప్పే పద్ధతిని రూపొందించారు. తెలియని దానిని లెక్కించే ముందు, తెలిసిన ఆన్సాగర్ ఫలితంతో మన లెక్కను సరిచూసుకోవాలి.

యూదుడైనందున ఈజింగ్ హిట్లర్ పాలనలో ఉపాధ్యాయ వృత్తిని కోల్పోయి, లక్సెంబర్గ్‌లో యుద్ధకాలాన్ని గడిపి, 1947లో అమెరికా చేరారు. తన నమూనా ప్రసిద్ధమయిందని ఆయనకు 1949లో గాని తెలియలేదు. ఆయన ప్రశ్న నిలిచింది, నిరూపణ నిలిచింది. నిరూపణను దాటి పలికిన మాట మాత్రమే నిలువలేదు.

పాఠకులారా! మన పిల్లలకు లెక్కలతో పాటు ఈ హద్దును కూడా నేర్పుదాం: ఆధారం ఎంతవరకో, మాట అంతవరకే.