ఓట్లు వేసి నిలుపుకున్న సంత

అమెరికా అనగానే మనవాళ్ళకు ఆకాశాన్నంటే మేడలే జ్ఞప్తికి వస్తాయి. సియాటిల్‌లో నేను పనిగట్టుకొని చూసింది మాత్రం ఊరి నడిబొడ్డునున్న కూరగాయల సంత. దాని పేరు పైక్ ప్లేస్ మార్కెట్. జనం ఓట్లు వేసి మరీ బ్రతికించుకున్న సంత అది!

ఈ సంత పుట్టుకకు కారణం ఉల్లిపాయ. 1907 నాటికి ఉల్లి ధర మండిపోయింది. పండించినవాడికి దక్కింది స్వల్పం, కొన్నవాడికి తగిలింది జాస్తి. నడుమ దళారులు బాగుపడ్డారు. నగరసభ సభ్యుడు థామస్ రెవెల్ పూనుకొని, రైతులే బండ్లు తోలుకువచ్చి అమ్ముకునే ఏర్పాటు చేయించాడు. ఆగస్టు 17న వచ్చిన కొద్ది బండ్ల సరుకూ చూస్తుండగానే చెల్లిపోయిందట.

1942లో పెద్ద దెబ్బ తగిలింది. అక్కడి రైతుల్లో సగానికి పైగా జపాను సంతతివారు. యుద్ధం పేరిట ప్రభుత్వం వారిని నిర్బంధ శిబిరాలకు తరలించింది. బల్లలు బోసిపోయాయి. తరువాత జనం కార్లెక్కి పెద్ద దుకాణాలకు పోవడం మరిగారు. 1960ల నాటికి కట్టడాలు పాడుపడ్డాయి. వాటిని కూల్చి హోటలు, ఆఫీసులు, కార్లు నిలిపే మేడ కట్టాలని నగర పెద్దలు తలపెట్టారు. మరి అక్కడి చవక గదుల్లో కాలక్షేపం చేస్తున్న ముసలివాళ్ళు ఎక్కడికి పోవాలి?

1964లో కొందరు పౌరులు సంత మిత్రులుగా సంఘం కట్టారు. వారికి ముందు నిలిచినవాడు విక్టర్ స్టైన్‌బ్రూక్. భవన నిర్మాణం బోధించే ఆచార్యుడే కూల్చవద్దన్నాడంటే చూడండి! సంతలోని మనుషులనూ మూలలనూ బొమ్మలు గీసి 1968లో పుస్తకంగా వేశాడు. మిత్రులు వీధుల్లో నిలబడి వేలకొలది సంతకాలు సేకరించి, విషయాన్ని ప్రజల ఓటుకు పెట్టించారు. 1971 నవంబరు 2న ఊరు సంత పక్షానే తీర్పు చెప్పింది.

ఏడు ఎకరాలు రక్షిత ప్రాంతమైంది. అక్కడ కట్టడం మార్చాలన్నా, కొట్టులో వ్యాపారం మార్చాలన్నా ఒక సంఘం అనుమతి కావాలి. పాత మేడలు బాగుచేసి పేదలకు చవక ఇళ్ళు, వైద్యశాల కూడా ఏర్పరిచారు.

నేను చూసిన పూట కూరలు కొనేవారికన్న ఫోటోలు తీసుకునేవారే హెచ్చు. గోడలను చట్టం కాపాడింది. రైతు బల్ల నిలవాలంటే మాత్రం ఆ ఊరివాళ్ళు సంచీ పట్టుకొని రావలసిందే గదా!